అమ్మానాన్నలతో మెక్లెన్‌బుర్గ్ సరస్సుల ప్రాంతానికి వెళ్తే ఏం చూడొచ్చు? ఒక్కరోజు చాలుతుందా?

సెప్టెంబరు ఆఖర్లో అమ్మానాన్నలు బెర్లిన్ వస్తున్నారు, కారు లేదు, ష్వేరీన్ కోట ఒక్కటి చూసుకుని సాయంత్రానికి వచ్చేస్తే చాలా, లేక ఉత్తర జర్మనీలోని ఆ సరస్సుల దగ్గర రెండు మూడు రోజులు ఉండాలా అని మీరు అడిగారు. ఉండమనే చెప్తాను. బెర్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఏ చిన్న సెలవు దొరికినా అటు పరిగెత్తే బాపతు నేను. ఒక్కడినే వెళ్లాను, స్నేహితులతో వెళ్లాను, మా అత్తగారినీ మామగారినీ కూడా తిప్పాను. కాబట్టి నా జవాబులో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

పెద్దవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. రాజభవనాలు అనగానే మనవాళ్ల కళ్ల ముందు మైసూరు మెదులుతుంది. ఆ లెక్కతో వస్తే ష్వేరీన్ తప్ప మిగతావన్నీ "ఇంతేనా?" అనిపిస్తాయి. ఇక్కడ ఏలినవాళ్లు డ్యూకులు, అందులోనూ చేతిలో డబ్బు ఆడని డ్యూకులు. వారసత్వ తగాదా తెగక 1701లో ఉన్న రాజ్యాన్నే రెండు ముక్కలు చేసుకున్నారు. పెద్ద వాటా ష్వేరీన్‌ది, చిన్న వాటా స్ట్రెలిట్స్‌ది. 1755లో భూస్వాములతో రాసుకున్న ఒప్పందమే 1918 దాకా రాజ్యాంగంగా చెలామణి అయింది. చుట్టుపక్కల రాజ్యాల్లో ఫ్యాక్టరీలు లేస్తుంటే ఇక్కడ మాత్రం పొలాలు, అడవులు, నీళ్లు. ఇప్పటికీ జర్మనీ మొత్తంలో జనసాంద్రత అతి తక్కువ ఉన్న రాష్ట్రం ఇదే. వెయ్యికి పైగా సరస్సులు ఇంత శుభ్రంగా మిగిలాయంటే ఆ వెనుకబాటుతనం పుణ్యమే. ఈ సంగతి తెలిశాక ఆ చిన్న చిన్న కోటలు కూడా ముచ్చటగా కనిపిస్తాయి. లేకపోతే వాటి ముందు నిలబడి రెండు ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం.

కారు లేదన్న బెంగ పెట్టుకోకండి. బెర్లిన్ నుంచి రోస్టాక్ వెళ్లే ప్రాంతీయ రైలు నోయ్‌స్ట్రెలిట్స్, వారెన్ మీదుగానే పోతుంది. నోయ్‌స్ట్రెలిట్స్‌కి గంటా పావు, వారెన్‌కి గంటన్నర దాటుతుంది, అంతే. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అదే చెల్లుతుంది. అమ్మానాన్నలకు మాత్రం ఆ టికెట్ తీసుకునే ముందు లెక్క వేసుకోండి. అది నెలవారీ చందా కాబట్టి, వాళ్లు నెలలో మిగతా రోజులు పెద్దగా తిరగకపోతే ఒకరోజు గ్రూప్ టికెట్టే చవక పడొచ్చు. ష్వేరీన్ దారి వేరు. బెర్లిన్ నుంచి రెండు గంటల పైన పడుతుంది కాబట్టి దాన్ని సరస్సుల రోజులతో కలపకండి. ఒక రోజు విడిగా పెట్టుకోండి.

ష్వేరీన్ గురించే ముందు చెప్పేస్తాను, మీ మనసు అక్కడే ఉంది కాబట్టి. కోట సరస్సు మధ్యలో ఒక దీవి మీద ఉంటుంది. ఊళ్లోంచి వంతెన దాటి లోపలికి వెళ్లాలి. ఇప్పుడు కనిపించే రూపం 1845 నుంచి 1857 దాకా, గ్రాండ్ డ్యూక్ రెండో ఫ్రీడ్రిష్ ఫ్రాన్స్ కాలంలో వచ్చింది. ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటను చూసి కొంత, పాత గోడలను ఉంచుకుని కొంత, నలుగురు వాస్తుశిల్పుల చేతులు మారి తయారైంది. అందుకే ఒక వైపు నుంచి చూసిన కోట ఇంకో వైపు నుంచి చూస్తే వేరే కోటలా ఉంటుంది. 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. జనం ఇంకా పెరగకముందే చూసేయండి.

ముఖద్వారం పైన గుర్రం మీద ఒక వీరుడి విగ్రహం ఉంటుంది. చాలామంది తలెత్తి చూడకుండానే లోపలికి పోతారు. ఆయన నిక్లోట్, స్లావ్ జాతి రాజు. ఇక్కడ జర్మన్లు రాకముందు ఈ దీవి మీద స్లావ్‌ల కోట ఉండేది. పదో శతాబ్దంలో అండలూసియా నుంచి వచ్చిన ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ అనే యాత్రికుడు దాని గురించి రాసి పెట్టాడు. 1160లో శాక్సనీ డ్యూక్ హెన్రీ ది లయన్ సైన్యం మీదికి వస్తుంటే, కోట శత్రువు చేతికి చిక్కకూడదని నిక్లోట్ తన కోటకు తానే నిప్పు పెట్టించాడు. ఆ యుద్ధంలోనే చనిపోయాడు. తమాషా ఏమిటంటే, కొన్నేళ్లకే హెన్రీ ఆ భూమిలో చాలా భాగాన్ని నిక్లోట్ కొడుకుకే తిరిగి ఇచ్చాడు. 1918 దాకా మెక్లెన్‌బుర్గ్‌ని ఏలింది ఆ వంశమే. ఓడిపోయినవాడి విగ్రహం గుమ్మం మీద అంత దర్జాగా ఉందంటే కారణం అదీ.

లోపల సింహాసనం గది, చెక్క నేల మీద నగిషీలు, పూల గది అన్నీ బాగుంటాయి. 1913 డిసెంబరులో మంటలు చెలరేగి కోటలో మూడో వంతు దాకా దెబ్బతింది, బంగారు హాలు అప్పుడే పోయింది. సరిచేసే పని పూర్తికాకుండానే రాచరికం ముగిసింది. ఇప్పుడు కోటలో ఒక భాగం మ్యూజియం. ఇంకో భాగంలో 1990 నుంచి రాష్ట్ర శాసనసభ నడుస్తోంది. మా మామగారికి మ్యూజియం కంటే ఇదే నచ్చింది. "మన ఎమ్మెల్యేలకు ఇలాంటి అసెంబ్లీ ఇస్తే బయటికే రారు" అన్నారు. పిల్లలు ఎవరైనా వెంట ఉంటే పీటర్‌మెన్‌షెన్ కథ చెప్పండి. కోటను కాపలా కాసే మరుగుజ్జు దయ్యం. మంచివాళ్ల జోలికి రాడు, చెడ్డవాళ్లను నిద్రపోనివ్వడు. ముప్పై ఏళ్ల యుద్ధంలో ఈ రాజ్యాన్ని ఆక్రమించిన వాలెన్‌స్టైన్ అనే సేనాపతిని రాత్రంతా గిల్లి గిల్లి ఊరు మార్పించాడని చెప్పుకుంటారు. లోపలి ఆవరణలో అతని బొమ్మ ఉంది, అడిగితే చూపిస్తారు.

కోట చుట్టూ ఉన్న తోటలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. నీళ్ల వైపు మెట్ల దగ్గర కూర్చోవడానికి గంట సమయం ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మ్యూజియం మెట్ల కంటే ఇదే హాయి.

ష్వేరీన్ రోజు ఇంకా ఓపిక మిగిలితే లూడ్విగ్స్‌లుస్ట్ అని దగ్గర్లో ఇంకో కోట ఉంది. ఇది సరస్సు ఒడ్డున లేదు, అయినా నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాదు. 1770లలో డ్యూక్ ఫ్రీడ్రిష్ వెర్సాయ్ లాంటిది కట్టాలని పూనుకున్నాడు. నీళ్లు లేవు, దాదాపు 28 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. పాలరాయికీ చెక్కుడు పనికీ డబ్బు లేదు, కాగితం గుజ్జుతో చేయించాడు! బంగారు హాలులో పైకప్పు పూలు, స్తంభాల మీది నగిషీలు, గోడ మీది అలంకారాలు చాలావరకు కాగితమే. పాత కాగితాన్ని నానబెట్టి, జిగురు కలిపి, అచ్చుల్లో పొరలు పొరలుగా అద్ది, ఆరాక రంగూ బంగారు రేకూ వేశారు. దగ్గరికి వెళ్లి తల వంచి చూసినా తేడా తెలియదు. అంచుల దగ్గర మాత్రం రాయికి ఉండే పదును కాకుండా కాస్త మెత్తదనం కనిపిస్తుంది. ఇదంతా పోగా, వీనస్ విగ్రహం నకలు కూడా కాగితంతోనే చేసిపెట్టారు. తర్వాత తర్వాత ఈ కాగితం సామాను తయారు చేసి అమ్ముకున్నారు కూడా. లేమిలోంచి వ్యాపారం తీసిన డ్యూకు అంటే నాకు గౌరవమే.

ఇక సరస్సుల వైపు. బస ఎక్కడ అంటే, పెద్దవాళ్లతో అయితే వారెన్‌లోనే చేయండి. నోయ్‌స్ట్రెలిట్స్‌లో గదులు చవగ్గా దొరకవచ్చు, కానీ సాయంత్రం ఏడు దాటితే వీధిలో పిట్ట కనిపించదు. వారెన్‌లో రేవు ఒడ్డున నడక, బెంచీలు, ఐస్‌క్రీమ్ కొట్లు, పడవలు ఉంటాయి. స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. ఎదురుగా మ్యురిట్స్ సరస్సు. సుమారు 117 చదరపు కిలోమీటర్లు. బోడెన్‌సే ఇంతకంటే పెద్దదే అయినా దాన్ని ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌తో పంచుకోవాలి. పూర్తిగా జర్మనీ లోపలే ఉన్నవాటిలో మ్యురిట్స్‌దే మొదటి స్థానం. గాలి లేచిన రోజున అలలు చూస్తే సరస్సు అని నమ్మబుద్ధి కాదు. వాన పడితే మ్యురిట్సెయుమ్‌కి వెళ్లండి. ఈ నీళ్లలో ఉండే చేపలన్నీ పెద్ద పెద్ద అక్వేరియంలలో కనిపిస్తాయి.

రేవు నుంచి తిరిగే పడవ ఎక్కితే ఒడ్డున క్లింక్ కోట కనిపిస్తుంది. 1898 నాటిది, ఇప్పుడు హోటల్. లోపలికి వెళ్లి చూసేది ఏమీ లేదు, నీళ్ల మీంచి చూడటమే దాని అందం. ఈ ప్రాంతంలో చాలా భవనాల సంగతి ఇంతే. రోడ్డు వైపు వీపు, నీళ్ల వైపు ముఖం.

ఒక రోజు నోయ్‌స్ట్రెలిట్స్, మీరో కలిపి పెట్టుకోండి. నోయ్‌స్ట్రెలిట్స్ చిన్న వాటా డ్యూకుల రాజధాని. పాత కోట 1712లో కాలిపోతే సరస్సు ఒడ్డున కొత్త ఊరు కట్టుకున్నారు. నడి మధ్యన చౌరస్తా, అక్కడి నుంచి నక్షత్రం కిరణాల్లా ఎనిమిది వీధులు. మ్యాప్‌లో పైనుంచి చూస్తే బాగా తెలుస్తుంది. అసలు కోట మాత్రం లేదు. 1945లో యుద్ధం ఆఖరి రోజుల్లో కాలిపోయింది, ఆ తర్వాత శిథిలాలు కూడా తీసేశారు. తోట మిగిలింది, తోటలో నడి బాట మిగిలింది, బాట చివర కోట ఉండాల్సిన చోట ఖాళీ. నాకైతే ష్వేరీన్ గదులన్నిటి కంటే ఈ ఖాళీ ఎక్కువ గుర్తుంది. మా అత్తగారు మాత్రం "లేని కోట చూడ్డానికి ఇంత దూరమా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మీ అమ్మగారు ఏ పక్షమో మీకే తెలియాలి. పసుపు ఇటుకల చర్చి, ఆరెంజరీ (ఒకప్పుడు చలికాలంలో నారింజ మొక్కలు ఉంచిన భవనం) చూసి, అటు నుంచి జియెర్కర్ సరస్సు రేవుకు దిగితే ఆమె కూడా శాంతించవచ్చు.

మీరోకు నోయ్‌స్ట్రెలిట్స్ నుంచి చిన్న రైలు ఉంది, ప్రయాణానికి ముందు టైమింగ్స్ చూసుకోండి, గంటల తరబడి ఇంకోటి ఉండదు. అక్కడ దీవి మీద చిన్న కోట, చర్చి. ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ భార్య షార్లెట్ 1744లో పుట్టింది ఈ మీరోలోనే. పదిహేడేళ్లకు, 1761లో, ముక్కూ మొహం తెలియని రాజును పెళ్లాడి లండన్ వెళ్లిపోయింది. పూల దుకాణాల్లో పక్షి తల ఆకారంలో నారింజ రంగు పువ్వు చూసి ఉంటారు. దాని శాస్త్రీయ నామం స్ట్రెలిట్సియా రెజినే, అంటే స్ట్రెలిట్స్ వారి రాణి అన్నమాట. ఈవిడ పేరు మీద పెట్టిందే. దక్షిణాఫ్రికా పువ్వుకు ఈ పల్లెటూరి పిల్ల పేరు.

అదే వంశంలో ఆమె మేనగోడలు లూయిసె ప్రష్యా రాణి అయింది. నెపోలియన్ ప్రష్యాను చితకగొట్టినప్పుడు 1807లో టిల్సిట్‌లో అతన్ని కలిసి దేశం కోసం బతిమాలుకున్నది ఈవిడే. ఆయన కరగలేదు, అది వేరే విషయం. 1810 జులైలో తండ్రిని చూడటానికి పుట్టింటికి వచ్చి, జబ్బుపడి, 34 ఏళ్లకే హోహెన్‌సీరిట్స్ అనే ఊళ్లోని వేసవి విడిదిలో కన్నుమూసింది. ఆ గదిని స్మారకంగా ఉంచారు. అక్కడికి రైలు లేదు, బస్సులు అంతంత మాత్రం. ట్యాక్సీ మాట్లాడుకుంటేనే వెళ్లండి. చేతిలో డబ్బు లేని చిన్న రాజ్యం పెద్ద రాజ్యాలకు పంపగలిగింది ఆడపిల్లలనే. మీరోలో ఆ గదులు తిరుగుతుంటే అదే తట్టింది నాకు. ఆ వంశంలో ఏలుబడిలో ఉన్న ఆఖరి గ్రాండ్ డ్యూక్ 1918 ఫిబ్రవరిలో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. కోట దీవి పక్కనే చిన్న వంతెన దాటితే ఇంకో బుల్లి దీవి, సమాధి అక్కడే. దాని పేరు ప్రేమ దీవి. సెల్ఫీలు తీసుకునేవాళ్లలో సగం మందికి అక్కడ సమాధి ఉందని తెలియదు.

పడవ సంగతి. లైసెన్సు లేకుండా హౌస్‌బోటు అద్దెకిస్తారు, ఇవ్వడానికి ముందు మూడు గంటలు కూర్చోబెట్టి నేర్పించి తాత్కాలిక పర్మిట్ రాసిస్తారు. యూట్యూబ్‌లో అందరూ దాన్నే చూపిస్తారు. అమ్మానాన్నలతో మొదటిసారే అయితే వద్దంటాను. మ్యురిట్స్ మీద గాలి, దాని బలాన్ని కొలిచే బోఫోర్ట్ లెక్కలో, నాలుగో నంబరు దాటితే ఆ పర్మిట్‌తో వెళ్లకూడదు, రేవులోనే కూర్చోవాలి. అందరికీ టెన్షన్. దాని బదులు మీరో దగ్గర కనూ గానీ చిన్న మోటారు పడవ గానీ పూటకు తీసుకోండి. చిన్న మోటారైతే అసలు ఏ పర్మిటూ అక్కర్లేదు.

వీలైతే ఒక్క లాకు దాటి రండి. గోదావరి కాలువల మీద లాకులు చూసిన మీ నాన్నగారికి ఇది ఇట్టే అర్థమైపోతుంది. పచ్చ లైటు వచ్చాక లోపలికి పోతే వెనక గేటు మూసుకుంటుంది. రెండు పక్కలా నాచు పట్టిన తడి గోడ, దానికి నిచ్చెన, పట్టుకోవడానికి గొలుసో కడ్డీయో. నీళ్లు దిగుతుంటే గోడ పైకి లేస్తున్నట్టే ఉంటుంది. చల్లని వాసన ఒకటి వస్తుంది. పడవ తాడును చేత్తో వదులుగా పట్టుకోవాలి గానీ ఎక్కడా ముడి వేయకూడదు. ముడి వేస్తే నీళ్లు దిగాక పడవ తాడుకు వేలాడుతుంది. ఎండాకాలం సెలవుల్లో డీమిట్స్ లాకు దగ్గర పడవలు బారులు తీరతాయి, సెప్టెంబరు ఆఖరికి ఆ రద్దీ ఉండదు.

మీరు వచ్చేది సరైన సమయమని చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది, క్రౌంచ పక్షులు. దక్షిణానికి వలస పోయే ముందు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వేల సంఖ్యలో మ్యురిట్స్ తూర్పు ఒడ్డున దిగుతాయి. పగలంతా కోసిన మొక్కజొన్న చేలల్లో మేసి, పొద్దుగూకే వేళ లోతు తక్కువ నీళ్లలో నిలబడి నిద్రపోవడానికి గుంపులు గుంపులుగా వస్తాయి. ముందు శబ్దం వినిపిస్తుంది, బూర ఊదినట్టు. ఎటు నుంచో తెలియదు. కాసేపటికి చెట్ల పైన గీతల్లా కనిపిస్తాయి. ఫెడెరో అనే ఊరి నుంచి నేషనల్ పార్కు వాళ్లు గైడును ఇచ్చి తీసుకెళ్తారు. ఆ సీజన్‌లో సాయంత్రాలు కొన్ని దారుల్లోకి గైడు లేకుండా వెళ్లనివ్వరు. ముందుగా బుక్ చేసుకోండి, గైడు చెప్పేది జర్మన్‌లోనే ఉండొచ్చు, పక్షులకు అనువాదం అక్కర్లేదు. చేపలు పట్టే డేగలు మాత్రం అప్పటికే ఆఫ్రికా దారి పట్టి ఉంటాయి. తెల్ల తోక గద్దలు ఏడాది పొడవునా ఉంటాయి.

ఈ నేషనల్ పార్కు పుట్టిందే విచిత్రంగా. తూర్పు జర్మనీ రోజుల్లో ఆ ఒడ్డున చాలా భాగం ప్రభుత్వ పెద్దల వేట భూమి, మామూలు జనానికి ప్రవేశం లేదు. 1990 సెప్టెంబరులో, దేశమే రద్దు కాబోతుండగా, ఆ ప్రభుత్వం చివరి పనుల్లో ఒకటిగా దీన్ని పార్కు చేసింది. అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, రెండు రోజుల తర్వాత దేశం లేదు. నోయ్‌స్ట్రెలిట్స్ పక్కనున్న జెర్రాన్ అనే బీచ్ చెట్ల అడవి కూడా దీని కిందికే వస్తుంది. స్ట్రెలిట్స్ గ్రాండ్ డ్యూకులు వేట కోసం గొడ్డలి పడనివ్వలేదు కాబట్టి బతికింది. 2011లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

అడవిలోకి వెళ్తే నిండు ప్యాంటు, సాక్సు. పశువులకు పట్టే పిడుదుల జాతి ఒకటి గడ్డిలో ఉంటుంది, కుడితే రోగాలు వస్తాయి. గదికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోమనండి.

తిండి విషయంలో, చేపలు తినేవాళ్లయితే పండగే. పొగబెట్టిన చేప, బన్నులో పెట్టిన చేప, మరేనె అనే సన్నటి సరస్సు చేప వేపుడు. శాకాహారులైతే బంగాళాదుంప, పుట్టగొడుగులు, చీజ్ మీదే గడపాలి. మేము మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్లాం, రెండో రోజు నుంచి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌లో అన్నం వండుకున్నాం. హోటల్ కంటే అదే మేలు. బస చేసినవాళ్ల దగ్గర ఊరి పన్ను వసూలు చేసి గెస్ట్ కార్డు ఇస్తారు. వారెన్ చుట్టుపక్కల చాలా బస్సుల్లో ఆ కార్డుతోనే ఉచితంగా తిరగొచ్చు, ఫెడెరోకు పోయే బస్సు అందులో ఉందో లేదో ఓనర్‌ను అడగండి.

రోజుల వరస ఇలా పెట్టుకోండి: శుక్రవారం వారెన్ చేరి రేవు, పడవ, శనివారం నోయ్‌స్ట్రెలిట్స్, మీరో, ఆదివారం పగలు విశ్రాంతి, సాయంత్రం పక్షులు, సోమవారం వెనక్కి. ష్వేరీన్ ఆ తర్వాతి వారం ఏ బుధవారమో వెళ్లండి. సోమవారం మాత్రం వద్దు, కోట మ్యూజియం మూసి ఉంటుంది.